సున్నా నిమిషాలు

జూన్ 3, మంగళవారం

ఈ ఉదయం 9:20కి పడవ ఇసుక దిబ్బ చేరేసరికి కాపలాదారు తన గుడిసెలో చనిపోయి ఉన్నాడు. అరవై మూడేళ్ళ మనిషి. ఆఫీసులో అందరూ దిబ్బ మామ అనేవారు. దిబ్బ మీద ఫోన్ పనిచెయ్యదు. పడవ నడిపేవాడు సగం దూరం వెనక్కి వచ్చి, సిగ్నల్ అందాక ఫోన్ చేశాడు. ఆఫీసుకి కబురు 10:05కి వచ్చింది.

ఫోన్ తీసింది ఫీల్డు మేనేజరు. "ఎప్పుడు?" అని ఒక్కసారి అడిగింది. ఫోన్ పెట్టేసి నా గది వైపు చూసింది. నా గదికి అద్దాల తలుపు. నేను వచ్చే ఏడాది బడ్జెట్ చూస్తున్నాను.

డైరెక్టరు గారు అందర్నీ హాల్లోకి పిలిచి చెప్పారు. పక్షులు గుడ్లు పెట్టే దిబ్బ చుట్టూ ఈ సంస్థ పుట్టింది. ఆ దిబ్బ మీద ఏటా ఆరు నెలలు ఒంటరిగా కాపలా ఉన్నవాడు ఆయన. కొందరు ఏడ్చారు. నేను ఇక్కడ చేరి పదకొండు వారాలే అయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మంచె మెట్టు విరిగి పడ్డాడట. తుంటి విరిగిందట. పడగానే పోయి ఉంటాడని డైరెక్టరు గారు అన్నారు.

దిబ్బకీ మాకూ మధ్య ఉపగ్రహం మీద పనిచేసే వైర్‌లెస్ సెట్ల జత, అక్కడొకటి ఇక్కడొకటి, ఉండేది. మే 12న దాని కనెక్షన్ ఆపించాను. అంతకుముందు పద్నాలుగు నెలల బిల్లులు తిరగేశాను. ప్రతిదాంట్లోనూ వాడకం సున్నా నిమిషాలు. అది దేనికి వాడతారో ఎవరూ నాకు చెప్పలేదు.

జూన్ 4, బుధవారం

ఆఫీసుకి సెలవు. నిద్ర బాగానే పట్టింది.

జూన్ 5, గురువారం

సాగనంపి వచ్చాం. ఆయన కూతురు బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. సెలవు ఒక్క పూటే ఇచ్చారట. నన్ను ఎవరో పరిచయం చేశారు. "డబ్బు విషయాలు చూసే సారా?" అని నమస్కారం పెట్టింది.

ఆయన్ని నేను ఒక్కసారే కలిశాను, ఏప్రిల్ 22న. పడవలో యాభై నిమిషాలు. నేను ఇంకా దిగలేదు, ఒడ్డున నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"మీరేనా కత్తెర బాబు?"

ఆఫీసులో నాకు పెట్టిన పేరు నీళ్ళు దాటి వచ్చిందన్నమాట. ఔనన్నాను.

"అయితే చేతులు జేబులో పెట్టుకోండి. ఇక్కడ కత్తిరించడానికి నా గడ్డం తప్ప ఏం లేదు."

దిబ్బ నిండా తెల్ల పక్షులు, తలల మీద నల్ల టోపీ పెట్టినట్టు మచ్చ. పిల్లలు ఎన్నో చెప్పమన్నాడు. పదకొండు అన్నాను. పడీపడీ నవ్వాడు.

"పిల్లల్ని లెక్కపెడతారా ఎవరన్నా? దాక్కుంటాయి. నోట్లో చేపతో దిగే తల్లుల్ని లెక్కపెట్టండి. ఏ తల్లీ ఉత్తపుణ్యానికి చేప మొయ్యదు."

మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. "పాసయ్యారు" అన్నాడు. టీ ఇచ్చాడు. ఇంకా ఏదో మాట్లాడుకున్నాం.

జూన్ 6, శుక్రవారం

డైరెక్టరు గారి గదిలో ముగ్గురమే కూర్చున్నాం. సెట్టు సంగతి ఫీల్డు మేనేజరు చెప్పింది. నాకు అర్థమైనంత మేర ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆరేళ్ళ కిందట, నా ముందు ఈ కుర్చీలో ఉన్నాయన సెట్టు బిల్లు చూసి కేకలేశాడు. నిమిషానికి ఇంత అవుతుంటే ఊసుపోని కబుర్లేమిటన్నాడు. అప్పుడు మామ ఒక దారి కనిపెట్టాడు. మాట్లాడకుండా బటను రెండుసార్లు నొక్కితే అవతలి సెట్టులో పచ్చ దీపం రెండుసార్లు వెలుగుతుంది. అవతలివాళ్ళు తిరిగి రెండు నొక్కుతారు. మాట లేదు కాబట్టి నిమిషం పడదు. నిమిషం పడదు కాబట్టి బిల్లులో ఏమీ కనబడదు. రోజూ ఉదయం ఏడింటికి అక్కడ మామ, ఇక్కడ తన ఇంట్లో ఫీల్డు మేనేజరు. ఆరేళ్ళలో తప్పింది రెండు రోజులే. ఏడుంపావు దాకా దీపం వెలగకపోతే పడవ వెళ్ళాలి. అలా రెండుసార్లు వెళ్ళింది. ఒకసారి జ్వరం, ఒకసారి బ్యాటరీ.

అంటే పొదుపు చేసినందుకే అది నాకు కనిపించలేదు.

"ఆపేశాక వేరే ఏర్పాటు ఎందుకు చెయ్యలేదమ్మా?" అని డైరెక్టరు గారు అడిగారు.

"రోజూ పడవ పంపడానికి డీజిల్ కావాలని అడిగాను సార్. అదీ జాబితాలో పోయింది. మంగళవారం, శుక్రవారం మాత్రమే మిగిలాయి."

ఆవిడ నా వైపు చూడకుండా చెప్పింది. నాకు అదే ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది.

జూన్ 7, శనివారం

నేను కోతలు పెట్టకపోతే సెప్టెంబరుకి ఈ సంస్థే ఉండదు. నన్ను తీసుకున్నది అందుకే. ఇంతకుముందు చేసిన టైర్ల కంపెనీలో నలభై ఒక్క ఫోన్ లైన్లు తీయించాను, ఎవడికీ ఏమీ కాలేదు. ఇక్కడ మొత్తం ముప్పై ఎనిమిది పద్దులు కోశాను, అందులో ఇది ఒకటి. సెట్టు గురించి కాగితం మీద ఎవరూ నాకు చెప్పలేదు.

జూన్ 9, సోమవారం

డాక్టరు రిపోర్టు వచ్చింది. శనివారం ఉదయం పడ్డాడు. ఆదివారం మధ్యాహ్నం దాకా బతికి ఉన్నాడు. సుమారు ముప్పై గంటలు.

మంచె నుంచి గుడిసెకి నలభై అడుగులు. దొరికింది గుడిసెలో. ఈ రెండూ నాకు మంగళవారమే తెలుసు.

ఎవరూ నాకు స్పష్టంగా చెప్పలేదు.

జూన్ 10, మంగళవారం

ఫీల్డు మేనేజరుని విచారణ పూర్తయ్యేదాకా పక్కన పెట్టారు. కంప్యూటరు తీసుకున్నారు. ఈమెయిలు మూసేశారు. ఆవిడ బల్ల మీద ఒక గులకరాయి, ఈక ఒకటి మిగిలాయి. క్యాషియరమ్మ వాటిని కవర్లో వేసి, పేరు రాసి దాచింది. నేను వెళ్తుంటే తలెత్తలేదు.

జూన్ 12, గురువారం

మామ కూతురు వచ్చింది. డైరెక్టరు గారు లేరు. నా గదిలో కూర్చోబెట్టాను. సంచిలోంచి నీలం అట్ట నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"సామాన్లలో ఇచ్చారండీ. ఇది ఆఫీసుదని నాన్న ఎప్పుడూ అనేవాడు. ఇంటికొస్తే ముట్టుకోనిచ్చేవాడు కాదు. అసలుది మీరు ఉంచుకోండి, నాకు ఒక కాపీ ఇస్తే చాలు."

జిరాక్స్ మిషన్ దగ్గర నిలబడి నేనే తీశాను. ఇంకెవరికైనా ఇవ్వొచ్చు. ఇవ్వలేదు. పుస్తకం తిరగేసి పెట్టి, మూత వేసి, పచ్చ బటను నొక్కి, మళ్ళీ తిప్పడం. తొంభై రెండు పేజీలు. గాలి, నీటి మట్టం, గూళ్ళు, గుడ్లు, పిల్లలు. మే 12 దాకా ప్రతి పేజీ పైనా ఒకే మాట: "7. రెండు. రెండు." మే 13 నుంచి మారింది: "7. రెండు. జవాబు లేదు."

ఇరవై ఉదయాలు అలాగే ఉంది.

చివరి రెండు పేజీలు ఉన్నవున్నట్టు ఎక్కిస్తున్నాను.

"శని. 7. రెండు. జవాబు లేదు. పిల్లలు 212. 8:30 మంచె మూడో మెట్టు విరిగింది. తుంటి. 11. రెండు. లేదు. 2. రెండు. లేదు. 5. రెండు. లేదు. గాలి పడమర."

"ఆది. 7. రెండు. లేదు. పిల్లలు, గుమ్మంలోంచి కనబడినంత వరకు, 40 పైన. నీళ్ళు అయిపోయాయి. కుండ మంచె దగ్గర. 10. రెండు."

పదింటి దాని పక్కన ఏమీ రాయలేదు.

కాపీలు వేడిగా ఉన్నాయి. ఆమె అంచులు సర్దుకుంటూ అడిగింది.

"ఈ 'రెండు, జవాబు లేదు' ఏంటండీ? రోజూ రాశాడు."

"సెట్టు తాలూకు గుర్తు" అన్నాను.

"ఓహో" అంది. "నాన్నకి అన్నీ గుర్తులే. నా పెళ్ళి ఖర్చు కూడా గీతలు గీసి రాసుకున్నాడు." నవ్వబోయి ఆగింది. కాపీలకి డబ్బు ఎంతివ్వాలని అడిగింది.

జూన్ 13, శుక్రవారం

ఏమీ లేదు.

జూన్ 14, శనివారం

డైరెక్టరు గారు నోటు తయారు చేశారు. గురువారం బోర్డు ముందు పెడతారు. ముఖ్యమైన వాక్యం ఇది: "సెట్టు వినియోగ విధానాన్ని ఫీల్డు విభాగం సకాలంలో ఆర్థిక విభాగానికి తెలియజేయకపోవడం వల్ల..." కింద ఆయన సంతకం, నా సంతకం. బోర్డు ఒప్పుకుంటే ఫీల్డు మేనేజరు ఉద్యోగం పోతుంది.

"మీరు కొత్తవాళ్ళు" అన్నారు. "వచ్చి మూడు నెలలు కాకుండా ఆర్థికాధికారిని తప్పుపడితే దాతలు బెదురుతారు. ఆ అమ్మాయికి చిన్న వయసు, ఇంకోచోట దొరుకుతుంది. నాకు మాత్రం సరదానా చెప్పండి? పదేళ్ళు నా చేతి కింద పెరిగిన పిల్ల."

ఆయన కళ్ళు నిజంగానే ఎర్రగా ఉన్నాయి.

"మీకెప్పుడూ చెప్పలేదు కదా ఆ అమ్మాయి?"

"లేదు" అన్నాను.

సంతకం పెట్టాను.

జూన్ 15, ఆదివారం

మా ఆవిడ బడి పిల్లల సైన్సు పేపర్లు దిద్దుతోంది. నేను బీరువా సర్దాను. మళ్ళీ సర్దాను.

"ఆ అమ్మాయి చేసిన తప్పేంటి?" అంది, ఎర్ర పెన్ను ఆపకుండా.

"చెప్పాల్సింది చెప్పలేదు."

"చెప్పలేదా, మీరు వినలేదా?"

"నీకు ఆఫీసు సంగతులు తెలియవు."

"ఆఫీసు తెలియదు. మీరు తెలుసు. మన అమ్మాయి కళ్ళజోడు మార్చాలని ఏప్రిల్‌లో చెప్పాను. 'బడ్జెట్ అయ్యాక చూద్దాం' అన్నారు. నల్లా కారుతోందన్నాను. అదే మాట. మీరు కాదని ఎప్పుడూ అనరు. అదొక్కటే మీతో చిక్కు. కాదంటే ఎవరైనా పోట్లాడతారు."

పేపర్ల కట్టకి దారం కట్టింది. టైర్ల కంపెనీ నన్ను పంపేశాక తొమ్మిది నెలలు ఇల్లు నడిపింది ఆవిడ జీతం. ఈ ఉద్యోగం ప్రకటన కత్తిరించి నా కంచం పక్కన పెట్టింది కూడా ఆవిడే. "ఇకనైనా ఊపిరున్న వాటికోసం పనిచెయ్యండి" అంది అప్పుడు. ఇవాళ ఆ మాట ఎత్తలేదు.

జూన్ 16, సోమవారం

ఆస్తుల జాబితాలో తన పేరు మీద ఉన్న వస్తువులు అప్పగించడానికి ఫీల్డు మేనేజరు వచ్చింది. తాళాలు రెండు, బైనాక్యులర్స్ ఒకటి, రబ్బరు బూట్లు ఒక జత, సెట్టు ఒకటి, దాని చార్జరు. రసీదు నేనివ్వాలి.

సెట్టు వీపు మీద నూనె మరక. వంటింటి కిటికీలో ఉండేదట.

"ఛార్జింగ్ పూర్తిగా ఉంది సార్" అంది.

"కనెక్షన్ లేదు కదా."

"లేదు. అయినా పెట్టేదాన్ని. ఏడింటికి చూసేదాన్ని. వెలగదని తెలుసు. ఆరేళ్ళ అలవాటు, టీ పెట్టి దాని ముందు నిలబడ్డం." చార్జరు వైరు చుడుతూ అంది, "ఆపేశారని చెప్తే మామ ఏమన్నాడో తెలుసా సార్? 'ఎప్పుడో మళ్ళీ ఇస్తారులే అమ్మాయ్. ఇచ్చిన రోజు నేను నొక్కకపోతే బాగోదు. నా మటుకు నేను నొక్కుతూ ఉంటా' అన్నాడు."

రసీదులో సెట్టు నంబరు ఎక్కించాను.

"తప్పు నాదే" అంది ఆవిడ. "జాబితా చూసిన రోజు మీ గది దాకా వచ్చాను. లోపల లెక్కల్లో ఉన్నారు. తలుపు తట్టలేదు. తట్టి ఉంటే సరిపోయేది. రాత్రీ పగలూ అదే తిరుగుతోంది బుర్రలో."

"మీరు ఈమెయిలు..." అన్నాను. ఆగిపోయాను.

"పంపాను సార్. దాంతో సరిపెట్టుకున్నాను. అదే నా తప్పు."

ఆవిడకి నా మీద కోపం లేదు. ఉంటుందని నిన్నటిదాకా ఆశపడ్డాను.

జూన్ 17, మంగళవారం

ఉదయం ఐదున్నర. ఇది పూర్తిగా రాయాలి.

మే 9, శుక్రవారం, సాయంత్రం 4:52కి ఆవిడ నాకు పంపిన ఈమెయిలు: "సార్, కోతల జాబితాలో దిబ్బ సెట్టు ఉంది. మేం దాన్ని వాడే తీరు బిల్లులో కనబడదు. మామ క్షేమం దాని మీదే తెలుస్తుంది. ఐదు నిమిషాలు ఇస్తే వివరంగా చెప్తాను. దయచేసి అప్పటిదాకా ఆపొద్దు."

4:58కి నా జవాబు: "బడ్జెట్ అయ్యాక మాట్లాడదాం."

ఆరు నిమిషాల తేడా. అంటే తెరిచాను, చదివాను. సోమవారం పొద్దున ఆపించాను. జాబితా ఆ రోజు బోర్డుకి పంపాలి. ముప్పై ఎనిమిది పద్దులతో మొత్తం సరిగ్గా కుదిరింది. ముప్పై ఏడైతే కుదరదు.

ఎవరూ చెప్పలేదని ఈ పుస్తకంలో మూడుసార్లు రాశాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవరి కోసం రాశాను?

ఇంకోటి కూడా ఉంది. జూన్ 5న, టీ తాగుతూ ఇంకా ఏదో మాట్లాడుకున్నామని రాసి వదిలేశాను. ఏం మాట్లాడామో నాకు తెలుసు. ఇక్కడ ఒక్కడివీ ఉండటానికి భయం వెయ్యదా అని నేను అడిగాను. మామ గ్లాసు కడుగుతూ అన్నాడు:

"ఎందుకు బాబూ? పొద్దున్నే ఏడింటికి పలకరిస్తారుగా."

ఎవరు, ఎలా అని అడగలేదు. గడియారం చూసుకున్నాను. తిరుగు పడవకి వేళయింది.

అదే రోజు సాయంత్రం

9:15కి డైరెక్టరు గారికి చెప్పాను, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని. "మీ ఇల్లెలా గడుస్తుందో ఆలోచించారా?" అన్నారు. ఆలోచించానన్నాను. నిజానికి ఆలోచించలేదు.

10:40కి ఆ రెండు ఈమెయిళ్ళూ, నోటుపుస్తకం మే 13 నుంచి చివరిదాకా కాపీలూ బోర్డు సభ్యులు ఏడుగురికీ పంపాను. పైన నాలుగు వాక్యాలు రాశాను. మొదటిది: "నాకు చెప్పారు."

11 గంటలకి సెట్టు కంపెనీకి ఫోన్ చేసి దిబ్బ కనెక్షన్ తిరిగి ఇవ్వమన్నాను. పాత నంబరే. ఒక ఫోను, ఒక ఫారం. గంటా యాభై నిమిషాల్లో ఇచ్చేశారు.

మధ్యాహ్నం భోజనం వేళకి బట్టల కంపెనీ గేటు దగ్గరికి వెళ్ళాను. మామ కూతురు భుజాల మీద దారప్పోగులతో బయటికొచ్చింది. 'రెండు' అంటే ఏమిటో చెప్పాను. ఎవరు ఆపించారో చెప్పాను. గోడ నీడలో నిలబడి వింది.

"శనివారం ఎన్నిసార్లు నొక్కాడు?" అంది.

"నాలుగు."

"పడ్డాక?"

"మూడు. ఆదివారం రెండు."

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "ఐదుసార్లు" అంది. లోపల గంట కొట్టారు. "మళ్ళీ రాకండి సార్" అని వెళ్ళిపోయింది.

జూన్ 18, బుధవారం

పిల్లలు ఎగరడానికి ఇంకా మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా దిబ్బ మీద మనిషి ఉండాలి, లేకపోతే నీళ్ళు తీసే ఆటు వేళ కుక్కలు అవతలి మడ అడవి వైపు నుంచి నడిచి వస్తాయి. ఇన్నాళ్ళూ సంస్థ సభ్యులు వంతులు వేసుకున్నారు. శుక్రవారం నుంచి మంగళవారం దాకా ఎవరూ ఒప్పుకోలేదు. జాబితాలో ఆ గడి ఖాళీగా ఉంది. నా పేరు రాశాను. బోర్డు నన్ను తీసేసినా ఈ వంతు మాత్రం ఉంటుందని క్యాషియరమ్మ ఒప్పుకుంది. "లెక్కపెట్టడం వచ్చా?" అని అడిగింది. మామ పాస్ చేశాడన్నాను. చాలా రోజుల తర్వాత నా మొహం చూసింది.

మంచె మెట్టు నిన్న మార్చారు. కుండ గుడిసెలో పెట్టించాను.

మా ఆవిడ సంచి సర్దింది. మందులు, టోపీ, రెండు తువ్వాళ్ళు. అమ్మాయి కళ్ళజోడు ఇవాళ మార్పించాం. నల్లా ఇంకా కారుతోంది.

రేపు 10:30కి బోర్డు. మూడో అంశం ఫీల్డు మేనేజరు, నాలుగోది నేను. ఎల్లుండి 6కి పడవ. ఏడింటికి దిబ్బ మీద నేను రెండు నొక్కాలి. ఇవతలి సెట్టు ఆఫీసులో నా బీరువాలో, ఫీల్డు మేనేజరు పేరున్న కవర్లో, ఛార్జింగ్‌తో ఉంది. అది మళ్ళీ ఆవిడ వంటింటి కిటికీకి చేరుతుందో లేదో రేపు తేలుతుంది. నేను మాత్రం నొక్కి, ఏడుంపావు దాకా చూడాలి.